ఒడ్డున ఎంతమంది? ఒక రైల్వే గుమాస్తా లెక్క



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక సంఖ్య పెట్టాడు. మన దేశంలో ఆరు కోట్ల మందికి పైగా సునామీ ముప్పులో ఉన్నారని. దాని కింద ఇంకొకాయన, "అదంతా వట్టిది, ఒడ్డున ఉండేది పల్లెకారులే, వాళ్ళు నలభై లక్షలు దాటరు" అని రాశాడు. రెండు రోజులు మాటా మాటా అనుకున్నారు. చివరికి అధ్యక్షులవారు ఇద్దరికీ దండం పెట్టి ఆపించారు. ఆ ఇద్దరూ చెప్పిన సంఖ్యలు రెండూ పుస్తకాల్లో ఉన్నవే. ఇద్దరూ లెక్కపెట్టింది మాత్రం వేరు వేరు. ముప్ఫై ఏళ్ళకు పైగా రైల్వేలో టికెట్లూ తలలూ లెక్కపెట్టిన వాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు తోచింది కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా నైన ఇంట్లో పలక మీద నేర్పినవే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

2004 డిసెంబరు 25న నేను తంజావూరు వైపు ఒక స్టేషన్‌లో బుకింగ్ కౌంటర్‌లో ఉన్నాను. క్రిస్మస్ పండుగ. వేళాంగణ్ణికి అప్పట్లో రైలు లేదు. జనం నాగపట్నం దాకా రైల్లో పోయి అక్కణ్ణించి బస్సు పట్టుకునేవాళ్ళు. కొందరు మా దగ్గరే దిగి బస్సెక్కేవాళ్ళు. ఆ రోజు నాకు తల ఎత్తడానికి తీరిక లేదు. చంకలో బిడ్డ, చేతిలో కొబ్బరి మొక్క, మెడలో జపమాలతో ఒక ఆడమనిషి చిల్లర కోసం చాలాసేపు వెతుక్కుంది. వెనకాల వాళ్ళు అరుస్తుంటే నేనూ విసుక్కున్నాను. "రేపు పొద్దున పూజ చూసుకొని సాయంత్రానికి వచ్చేస్తాం సార్" అంది తమిళంలో. ఆమె ముఖం ఇప్పుడు గుర్తు లేదు. ఆ కొబ్బరి మొక్క గుర్తుంది.

మరునాడు ఆదివారం, పౌర్ణమి. పొద్దున మన టైము ప్రకారం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. 9.1 తీవ్రత. చీలిక ఉత్తరంగా అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. చీలిక ఉత్తర దక్షిణాలుగా పడితే నీళ్ళ బలం తూర్పు పడమరలకు పోతుంది. పడమర వైపు ఉన్నది శ్రీలంకా, మన తమిళనాడు ఒడ్డూ. ఉత్తరాన ఉన్న బంగ్లాదేశ్‌కు పెద్దగా తగల్లేదు, ఆంధ్రాకు తగిలిందీ తక్కువే. చెన్నపట్నం రేవులో నీటిమట్టం కొలిచే యంత్రం తొమ్మిది దాటాక మొదటి అలను రాసుకుంది. అంటే రెండున్నర గంటల సమయం ఉండింది. ఆ రెండున్నర గంటలూ వేళాంగణ్ణిలో పూజలు జరుగుతున్నాయి, పూజ ముగిసినవాళ్ళు ఇసుకలో పిల్లల్ని ఆడిస్తున్నారు, మెరీనాలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఆంధ్రా ఒడ్డున పౌర్ణమి స్నానాలకు వచ్చినవాళ్ళు నీళ్ళలో ఉన్నారు.

తమిళనాడులో సుమారు ఎనిమిది వేలమంది పోయారు. అందులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల పైచిలుకు. అప్పటి పాండిచ్చేరిలో ఆరు వందల దగ్గర, అందులోనూ ఎక్కువ కారైక్కాల్లో. ఆంధ్రాలో నూటికి కొంచెం పైన. అదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన మన యానాం గోదావరి పాయ మీద కొంచెం లోపలికి ఉండటం వల్ల ఆ రోజు బతికిపోయింది. కారైక్కాల్లో బంధువులున్న యానాం వాళ్ళకు ఈ మాట చేదుగానే ఉంటుంది.

ఇప్పుడు లెక్క దగ్గరికి వస్తాను. నాగపట్నం జిల్లాలో ఒడ్డున ఎంతమంది ఉన్నారని ఆ ముందు రోజు ఎవరైనా అడిగితే అధికారులు ఏ కాగితం చూసేవాళ్ళు? 2001 జనాభా లెక్కలు. ఆ కాగితంలో కొబ్బరి మొక్క పట్టుకున్న ఆ తల్లి లేదు. ఆమె పేరు ఎక్కడో తిరుచ్చి పక్క ఊళ్ళో, ఆమె ఇంటి నంబరు కింద ఉంది. జనాభా లెక్క మనిషి మామూలుగా ఎక్కడ ఉంటాడో అక్కడ రాస్తుంది. అల మాత్రం ఆ క్షణంలో మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో అక్కడే పట్టుకుంటుంది. వేళాంగణ్ణి జనాభా పండుగ నాడు ఒకటి, మామూలు మంగళవారం నాడు ఒకటి.

పోనీ, రైల్వే లెక్క చూస్తే తెలుస్తుందా అంటారేమో. మా పద్ధతి చెప్తాను. అట్ట టికెట్ల కాలంలో ప్రతి ఊరికీ ఒక టికెట్ల వరుస ఉండేది. డ్యూటీ మొదట్లో ఉన్న నంబరు, ముగిసేటప్పుడు ఉన్న నంబరు డీటీసీ పుస్తకంలో రాసి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే అమ్మిన టికెట్లు. పైసా తేడా వస్తే మన జేబులోంచి కట్టాలి. అంత కచ్చితమైన లెక్క. కాని ఆ లెక్కలో అయిదేళ్ళలోపు పిల్లలు లేరు, వాళ్ళకు టికెట్ లేదు. పాసు మీద పోయే మా రైల్వే కుటుంబాలు లేవు. సీజన్ టికెట్ వాళ్ళు ఆ రోజు ఎక్కారో లేదో తెలియదు. టికెట్ కొనకుండా ఎక్కేవాళ్ళ సంగతి సరే సరి. డబ్బు లెక్కకు అది కచ్చితం. మనుషుల లెక్కకు అది సగం.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రామేశ్వరం వైపు పనిచేసి వచ్చిన ఒక పెద్ద గుమాస్తా చెప్పాడు. 1964 డిసెంబరు 22 రాత్రి, పాంబన్ నుంచి ధనుష్కోటికి 653 నంబరు ప్యాసెంజరు బయలుదేరింది. అది సునామీ కాదు, తుపాను ఉప్పెన. బండి ధనుష్కోటి దగ్గరికి వచ్చేసరికి సముద్రం మొత్తం బండిని కప్పేసింది. లెక్క ప్రకారం 110 మంది ప్రయాణికులు, 5 మంది సిబ్బంది. ఒక్కరూ మిగల్లేదు. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళను కలిపితే రెండు వందల దగ్గర ఉంటారని అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. ఆ పెద్దాయన అనేవాడు, "నూట పది అన్నది మనం అమ్మిన టికెట్లయ్యా, పోయిన మనుషులు కాదు" అని. నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. అర్థమైనట్టు తల ఆడించానే గాని, అసలు అర్థమైంది 2004 తరువాతే.

అదే 2004 ఆదివారం శ్రీలంకలో కొలంబో నుంచి గాలె మీదుగా మాతర వైపు పోయే బండి ఒకటి పెరలియ అనే ఊరి దగ్గర ఆగింది. మొదటి అల వచ్చి పట్టాల చుట్టూ నీళ్ళు నిలిచాయి. ఊరి జనం బండి గట్టిగా ఉంది, ఎత్తుగా ఉంది అని పిల్లల్ని లోపలికి ఎక్కించారు, తామూ ఎక్కారు, కొందరు పైకప్పు మీదికి పాకారు. రెండో అల బండినే దొర్లించేసింది. పదిహేడు వందలమందికి పైగా పోయారని లెక్క. ప్రపంచంలోనే అంత పెద్ద రైలు ప్రమాదం ఇంకోటి లేదు. టికెట్లు చూసి ఆ సంఖ్యను ఎవరు చెప్పగలరు? పండుగ సెలవుకు పాసు మీద ఎక్కినవాళ్ళున్నారు, చివరి కొన్ని నిమిషాల్లో అసలు ప్రయాణికులే కాని ఊరివాళ్ళు వచ్చి చేరారు. ముప్పులో ఉన్నవాళ్ళ సంఖ్య మొదటి అలకూ రెండో అలకూ మధ్యనే మారిపోయింది.

ఇక ఆ ఇద్దరు తమ్ముళ్ళ సంఖ్యలు. ఆరు కోట్లు ఎక్కడిదంటే, 2007లో కొందరు పరిశోధకులు ప్రపంచమంతటా సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు లోపల ఒడ్డుకు ఆనుకొని ఉన్న నేల ఎంత, అందులో జనం ఎంత అని ఉపగ్రహ పటాల మీద జనాభా లెక్కలు పరిచి చూశారు. ప్రపంచంలో 63 కోట్ల పైచిలుకు, అంటే పదిమందిలో ఒకరు. మన దేశంలో 6 కోట్ల 30 లక్షల దగ్గర. ఇది 2000 నాటి జనాభా మీద వేసిన లెక్క, ముఖ్యంగా సముద్రం మెల్లగా పెరిగితే, తుపానులు వస్తే ఏమవుతుందని ఆలోచించి వేసింది. పది మీటర్ల లోపు నేల అంటే మన గోదావరి, కృష్ణ, కావేరి డెల్టాల్లో ఒడ్డునుంచి మైళ్ళ దూరం లోపలికి పోతుంది. 2004లో నీళ్ళు నాగపట్నం పక్కన కొన్ని చోట్ల కిలోమీటరు దాటి వచ్చాయి, వాగుల నోళ్ళ గుండా ఇంకా లోపలికి దూరాయి. ఇసుక దిబ్బలు ఎత్తుగా మిగిలిన చోట చాలా ముందే ఆగాయి. కాబట్టి ఆరు కోట్ల మందికీ ఒకే రోజు సునామీ ముప్పు అనడం సరి కాదు.

నలభై లక్షలు ఎక్కడిదంటే, కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010లో చేసిన లెక్క. దేశంలో 3,288 సముద్రపు పల్లెలు, 8 లక్షల 64 వేల కుటుంబాలు, సుమారు 40 లక్షల మంది. ఇందులో తమిళనాడులో 573 పల్లెలు, ఎనిమిది లక్షల మంది. ఆంధ్రాలో 555 పల్లెలు, ఆరు లక్షల పైచిలుకు. ఈ లెక్కలో గుజరాతు నుంచి కేరళ దాకా పడమటి ఒడ్డు కూడా కలిసి ఉంది. నాకు ఈ లెక్క మీద గౌరవం ఎక్కువ. ఎందుకంటే మామూలు జనాభా లెక్క రెవెన్యూ గ్రామాన్ని పట్టుకుంటుంది. ఒడ్డున ఉన్న కుప్పం ఆ గ్రామంలో ఒక మూల. గ్రామం జనాభా పదివేలని ఉంటుంది, అందులో అల అందుకునేది కుప్పంలో ఉన్న పదిహేను వందలమందినా, మొత్తం పదివేలనా అని ఆ కాగితం చెప్పదు. మత్స్య లెక్క నేరుగా కుప్పంలోకి పోయి ఇల్లిల్లూ తట్టింది. కాని అందులో వేళాంగణ్ణి యాత్రికులు లేరు. మెరీనాలో సుండల్ అమ్మే అవ్వ లేదు. ఉప్పుమడుల కూలీలు, ఒడ్డున హోటళ్ళలో గిన్నెలు కడిగే ఉత్తరాది కుర్రాళ్ళు, రేవు పనివాళ్ళు, కన్యాకుమారిలో సూర్యోదయం చూడటానికి వచ్చినవాళ్ళు, ఎవరూ లేరు. ఆ రోజు వివేకానంద శిల మీద కొన్ని వందలమంది యాత్రికులు చిక్కుకుపోయారు. వాళ్ళు ఏ పల్లె లెక్కలోకి వస్తారు?

అందుకే ఆరు కోట్లు ఎక్కువ, నలభై లక్షలు తక్కువ అంటాను. ఈ రెంటికీ మధ్య ఎక్కడో అసలు సంఖ్య ఉంది. అది పగలు ఒకటి, రాత్రి ఒకటి, పండుగ నాడు ఇంకొకటి.

పాత సంఖ్యల మీద కూడా ఒక మాట. 1881 అనే సంవత్సరం నాకు చాలా ఇష్టం. ఆ ఏడు ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతా ఒకేసారి తలలు లెక్కపెట్టారు. అలా ఒకే రాత్రి దేశం మొత్తం లెక్కించడం అదే మొదలు. అదే ఏడు చివరి రోజు, డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చి, ఆ అల మన ఒడ్డుకు చేరింది. సర్వే ఆఫ్ ఇండియావాళ్ళు రేవుల్లో పెట్టిన నీటిమట్టం యంత్రాలు దాన్ని గీత గీసి పట్టుకున్నాయి. నాగపట్నంలో నాలుగడుగుల లోపే. రెండేళ్ళ తరువాత 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు కూడా చెన్నపట్నం యంత్రంలో గీత కదిలింది. తలల లెక్కా అలల లెక్కా ఒకే ఏడు మన చేతికి వచ్చాయి. ఆ రెండు కాగితాలనూ పక్క పక్కన పెట్టి చూడటానికి నూట ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇలా యంత్రం గీసిన సంఖ్యలను నేను నమ్ముతాను. నమ్మలేనివి కూడా ఉన్నాయి. 1941 జూన్ 26 అండమాన్ భూకంపం తరువాత తూర్పు ఒడ్డున సునామీలో అయిదు వేలమంది పోయారని చాలాచోట్ల రాస్తారు. అప్పటి పత్రికల్లో దానికి ఆధారం దొరకలేదని, తుపాను చావులతో కలిసిపోయి ఉండవచ్చని పరిశోధకులు అంటున్నారు. అయినా ఆ సంఖ్య ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి నడుస్తూనే ఉంది.

యానాం సభ్యులు కోపగించుకోకపోతే కోరంగి సంగతి కూడా చెప్తాను. 1839 నవంబరు ఉప్పెనలో నలభై అడుగుల అల వచ్చి మూడు లక్షల మంది, ఇరవై వేల పడవలు పోయాయని అందరం చదివాం. కోరంగి రేవు నాశనమైంది, యానాం దెబ్బతింది, అది నిజమే. కాని మూడు లక్షలు అన్నది ఒకసారి గుమాస్తా కన్నుతో చూడండి. ముప్ఫై ఏళ్ళ తరువాత, 1871లో చెన్నపట్నం నగరం మొత్తం జనాభానే నాలుగు లక్షలు లేదు. ఒక రేవు పట్నంలో, చుట్టుపక్కల లంకల్లో మూడు లక్షలు ఒక్క రాత్రిలో పోవాలంటే అంతమంది అక్కడ ఉండాలి కదా. నాకు నమ్మకం కుదరదు. ఆ సంఖ్య తగ్గించినంత మాత్రాన పోయినవాళ్ళ దుఃఖం తగ్గదు. 1864లో మచిలీపట్నం ఉప్పెనకు చెప్పే ముప్ఫై వేలు నాకు ఇంకా నమ్మదగినదిగా కనిపిస్తుంది, అదీ చిన్న సంఖ్య కాదు.

మన తెలుగులో ఉప్పెన అన్నా సునామీ అన్నా చాలామందికి ఒకటే. తమిళ బడిలో మాకు కడల్‌కోళ్ అనే పాత మాట నేర్పారు, కడలి కొనిపోవడం. మణిమేకలైలో కావేరిపూంపట్టినం అలా పోయిందని పాఠం. అది తుపానా, సునామీయా, మెల్లగా నేల కోతా అని మా అయ్యవారు చెప్పలేదు, మేమూ అడగలేదు. కాని లెక్కవేసేటప్పుడు ఈ తేడా ముఖ్యం. తుపాను రెండు మూడు రోజులు ముందే కనిపిస్తుంది, గాలి వస్తుంది, వాన వస్తుంది, జనం కొంతైనా కదులుతారు, యాత్రికులు రారు. సునామీ మంచి ఎండ కాసే ఆదివారం కూడా వస్తుంది.

తరంగంబాడి పోయినవాళ్ళు చూసి ఉంటారు. 1620లో మన తెలుగు రాజు, తంజావూరు రఘునాథ నాయకుడు డేన్మార్క్ వాళ్ళకు ఇచ్చిన ఊరది. వాళ్ళ కోట ఇంకా ఉంది. దాని పక్కన 1305 నాటి పాండ్యుల గుడి, మాసిలామణి నాథర్ ఆలయం, సగానికి పైగా సముద్రం తినేసింది. అది ఏడాదికి ఇంచి ఇంచీ తిన్నది. 2004లో అదే ఊళ్ళో కొన్ని నిమిషాల్లో మనుషులే పోయారు. మొదటిదానికి లెక్క వేయడానికి వందల ఏళ్ళు టైముంది, రెండోదానికి రెండున్నర గంటలు.

ఎంతమంది అన్నదాని తరువాత ఎవరెవరు అన్నది వస్తుంది. కడలూరు జిల్లాలో పోయినవాళ్ళలో మగవాళ్ళకు దాదాపు మూడు రెట్లు ఆడవాళ్ళని ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో రాసింది. కారణాలు వింటే ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. పడవలమీద లోపలికి పోయిన మగవాళ్ళ కింద అల మెల్లగా లేచి దిగిపోయింది, లోతు నీళ్ళలో సునామీ తెలియను కూడా తెలియదు. ఒడ్డున చేపల కోసం తట్టలతో ఎదురుచూసే ఆడవాళ్ళ మీద అది గోడలా పడింది. చీర కాళ్ళకు చుట్టుకుంది. పిల్లల్ని వదిలి పరిగెత్తలేదు. ఈత మగపిల్లలకు నేర్పారు, ఆడపిల్లలకు నేర్పలేదు. పల్లె జనాభా వెయ్యి అని రాసుకుంటే పొద్దున తొమ్మిదింటికి ఆ పల్లెలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు.

నికోబార్ సంగతి ఇంకా ఘోరం. అక్కడికి అల రావడానికి నిమిషాలే పట్టింది. 2001 లెక్కలో నికోబార్ జిల్లాలో 42,068 మంది. పదేళ్ళకు 2011లో 36,842. దేశమంతా జనం పెరుగుతుంటే అక్కడ తగ్గింది. పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయిన మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. పనికోసం దీవి నుంచి దీవికి తిరిగేవాళ్ళ పేరు ఏ దీవి పుస్తకంలో ఉంటుంది?

ఇప్పుడు పరిస్థితి మారింది, అదీ చెప్పాలి. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులో ఇన్‌కాయిస్ సంస్థలో హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో కబురు బయలుదేరుతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చినప్పుడు చెన్నపట్నంలో ఆఫీసులన్నీ వీధుల్లోకి వచ్చేశాయి. నేల పక్కకు జరిగింది గాని పైకి లేవలేదు కాబట్టి పెద్ద అల రాలేదు. ఆ రోజు మా స్టేషన్‌లో ఫోన్లు ఆగలేదు. అందరూ అడిగింది ఒకటే, రైళ్ళు ఉన్నాయా లేవా అని. ఎటు పోవాలని ఒక్కరూ అడగలేదు, అడిగినా నా దగ్గర జవాబు లేదు.

కబురు హైదరాబాదు నుంచి జిల్లాకు వస్తుంది. జిల్లా నుంచి కుప్పంలో చెవులు వినిపించని తాత దాకా రావాలి. 2004లో యంత్రం ఏదీ లేకుండానే పాండిచ్చేరి పక్కన నల్లవాడు అనే పల్లె బతికింది. సింగపూరులో పనిచేసే ఆ ఊరి మనిషి టీవీలో వార్త చూసి ఊరికి ఫోన్ చేశాడు. ఊళ్ళో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు పెట్టిన సమాచార కేంద్రంలో మైకు ఉంది. చేపల ధరలూ అలల ఎత్తూ చెప్పడానికి పెట్టుకున్న మైకు. దాంట్లో అరిచారు, మూడు వేలమందికి పైగా ఊరు ఖాళీ చేసి పోయారు. ఆ ఊరు మనుషులు ఒకరికొకరు తెలిసిన ఊరు, ఆ మైకు రోజూ వినే మైకు.

మనవాళ్ళకు నేరుగా సంబంధించిన సంగతి ఒడిశాలో జరిగింది. 2020లో యునెస్కోవాళ్ళు గంజాం జిల్లా వెంకటరాయపూర్‌ను, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహిని సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళని గుర్తించారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో అవే మొదటివి. పేర్లు చూడండి. ఒకటి వెంకటరాయపూర్. రెండోది నోలియాల వీధి. నోలియాలంటే తరాల కిందట ఆంధ్రా ఒడ్డు నుంచి పోయి అక్కడ వల వేసిన తెలుగు మాట్లాడే పల్లెకారులు. ఒడియా బడిలో చదువుకొని ఇంట్లో తెలుగు మాట్లాడతారు, నేను తమిళ బడిలో చదువుకున్నట్టే. జగత్‌సింగ్‌పూర్ అంటే 1999 మహా తుపానులో అందరికంటే ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లా. ఆ దెబ్బ తిన్నవాళ్ళే ముందు నేర్చుకున్నారు.

ఆ గుర్తింపుకు ఇప్పుడు పన్నెండు షరతులు ఉన్నాయి. మొదటిది, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో పటం గీయాలి. రెండోది, ఆ గీత లోపల ఎంతమంది ఉన్నారో లెక్క వేయాలి. సైరన్, బోర్డులు, దారి, కసరత్తు అన్నీ ఆ తరువాతే. రెండో షరతు చదివినప్పుడు నాకు మా పెద్ద గుమాస్తా మాట గుర్తొచ్చింది. పల్లెవాళ్ళే కూర్చొని వేసే ఆ లెక్కలో ఏ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడు, ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలు ఉంది, బడిలో పిల్లలెంతమంది అన్నది ఎవరూ ఢిల్లీకి రాయక్కర్లేదు. వాళ్ళకు తెలుసు. కాగితం మీద పెట్టుకుంటే చాలు.

ఇక మన సంగతి. మన సంఘం కుటుంబాల పుస్తకం వచ్చే ఏడు మళ్ళీ అచ్చు వేస్తామని కార్యదర్శిగారు చెప్పారు. పోయినసారి పుస్తకంలో ఇంటి పేరు, గోత్రం, ఊరు, ఉద్యోగం, పెళ్ళీడు పిల్లలు, ఇవి ఉన్నాయి. గోత్రానికి అంత చోటిచ్చాం, నేను కాదనను. మా అవ్వ ఉంటే అదే ముందు చూసేది. కాని కాశిమేడు, ఎన్నూరు, పళవేర్కాడు, కారైక్కాల్, గోపాల్‌పూర్ వైపు ఉన్న మన కుటుంబాలకు ఇంకో మూడు గళ్ళు పెట్టమని అడుగుతున్నాను. ఇంటి నుంచి ఒడ్డు ఎంత దూరం. తనంతట తాను నడవలేనివాళ్ళు ఎంతమంది. పగలు తొమ్మిదింటికి ఇంట్లో ఎవరుంటారు. ఈ గళ్ళు అచ్చు వేయక్కర్లేదు, వీధికొక మనిషి దగ్గర నోటు పుస్తకంలో ఉంటే చాలు. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వచ్చి దిగే చుట్టాల సంఖ్య కూడా ఆ వీధి మనిషికి తెలిసి ఉండాలి.

కాశిమేడులో ఉన్న మా పెద్దమ్మ కొడుకుకు ఈ మాట ఫోన్లో చెప్పాను. నవ్వాడు. "ఒరే, మా వీధిలో నలభై రెండు ఇళ్ళు, పగలు ఇళ్ళలో అందరూ ముసలాళ్ళే, వాళ్ళను మోయడానికి నేనొక్కణ్ణే ఉంటాను, నాకే అరవై ఎనిమిది" అన్నాడు. ఆ నలభై రెండు ఇళ్ళ జాబితా రాసి పంపమన్నాను. నిన్న సాయంత్రం పంపాడు, వాట్సాప్‌లో ఫోటో తీసి, మనవరాలి చేతి రాతతో. పద్దెనిమిదో ఇంటి దగ్గర "రాత్రి డ్యూటీ, పగలు నిద్ర, తలుపు గట్టిగా కొట్టాలి" అని రాసి ఉంది.